కొత్త ఆయమ్మతో మొదటి నెల: ఇద్దరికీ పొత్తు కుదరాలంటే ఏం చేయాలి

"ఆయమ్మ దొరికింది మేడం, కానీ నిలుస్తలేదు. మీ దగ్గర నాలుగేళ్ల నుంచి ఎట్ల ఉంటున్నది?" ఈ మాట నన్ను అడగని కొలీగ్ లేదు. అడిగేవాళ్లలో ఎక్కువ మంది 26 వారాల ప్రసూతి సెలవు అయిపోవస్తున్న తల్లులు. డ్యూటీలో చేరే తేదీ ముంచుకొస్తుంటే నిద్ర పట్టదు, ఆ టెన్షన్ నాకు తెలుసు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

మాది హన్మకొండ. ఇద్దరు పిల్లలు, ఏడేళ్లలో ముగ్గురు ఆయమ్మలు. మొదటామె 19 రోజులే ఉంది. ఒక రోజు సాయంత్రం పెద్దోడి తలకు నూనె రాస్తుంటే చెవి వెనక బొప్పి నా చేతికి తగిలింది. "ఏమైంది?" అంటే "తెల్వది మేడం" అంది. డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. ఎంత ఎత్తు నుంచి పడ్డాడు, వెంటనే ఏడ్చాడా, వాంతి అయిందా అని ఆయన అడిగితే నా దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు. మంచం మీద నుంచి పడ్డాడని మర్నాడు ఏడుస్తూ చెప్పింది, ఆ పూటే మానేసింది. దానికి రెండు రోజుల ముందు పాల సీసా పగిలితే మా ఆడపడుచు ముందు ఆమె మీద గట్టిగా అరిచాను. సీసాకే అంత అరిచిన మనిషికి, బాబు పడ్డాడని ఆమె ఎలా చెప్తుంది?

అప్పటి నుంచి నాకు కొలత ఒక్కటే. జరగరానిది ఏదైనా జరిగితే ఆమె భయపడకుండా ముందు నాకు ఫోన్ చేయాలి. కింద రాసినవన్నీ ఆ ఒక్క ఫోన్ కోసమే.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- ఒక లాంగ్ నోట్‌బుక్, గోడ మీద పెద్ద తెలుగు క్యాలెండర్.
- గోడకు అంటించే ఒక కాగితం. దాని మీద 108, 112, మీ ఇద్దరి నంబర్లు, పిల్లల డాక్టరు నంబరు, పక్కింటివాళ్ల నంబరు, మీ ఇంటి అడ్రసు. ఏ చౌరస్తా, ఏ గుడి దగ్గర, ఎన్నో సందు అనేది కూడా రాయండి. 108 వాళ్లు ముందు అడిగేది అదే. కంగారులో సొంత ఇంటి అడ్రసే గుర్తు రాదు, ఆమెకు మీ ఇంటిది ఎలా గుర్తొస్తుంది?
- మందులకు తాళం వేసే డబ్బా, మి.లీ. గీతలున్న కొలత కప్పు.
- ఆమె బ్యాగు, చీర పెట్టుకోవడానికి ఒక అర.
- మీరు తినే కంచాల్లోంచే ఆమెకూ కంచం, మీరు తాగే గ్లాసుల్లోంచే గ్లాసు.

ఈ చివరిది ఊరికే రాయలేదు. ఆయమ్మకు గ్లాసు వేరుగా పెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆమె చేత్తో కలిపిన ముద్ద మీ బిడ్డ నోట్లోకి పోతుంది. ఆ చేతికి మీ గ్లాసు తగలకూడదు అనుకుంటే ఈ పని మొదలుపెట్టకండి, ఎందుకంటే ఆమెకు అది మొదటి రోజే అర్థమవుతుంది.

1. పని మాట్లాడుకునే రోజే అన్నీ తేల్చుకోండి

"చూద్దాంలే, ఇంటి మనిషిలాగే కదా" అనే మాటతో మొదలైన పని తగువుతోనే ఆగుతుంది. ఏది ఆమె పని, ఏది కాదు అన్నది ఇద్దరూ కూర్చుని నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి. బాబు స్నానం, తిండి, నిద్ర, వాడి బట్టలు, వాడి సీసాలు మా దగ్గర ఆయమ్మ పని. బాసండ్లు తోమడం, ఇల్లు తుడవడం కాదు. రెండు పనులూ ఒకరితోనే కావాలనుకుంటే ముందే చెప్పి, దానికి తగ్గ జీతం ఇవ్వండి. నెల తర్వాత మెల్లగా "ఆ నాలుగు గిన్నెలు కూడా" అని కలపొద్దు. ఆమె గిన్నెలు తోముతున్నంతసేపూ బాబును చూసేదెవరు?

జీతం ఎంత అనేది మీ సందులో మూడు ఇళ్లు అడిగితే తెలిసిపోతుంది. జీతం ఇచ్చే తేదీ, వారానికి ఒక సెలవు, ఇంటికి వెళ్లే టైమ్, ఆ టైమ్ దాటితే గంటకు ఎంత అనేవి కూడా ఆ రోజే మాట్లాడుకోండి.

ఇక్కడివాళ్లు ఎక్కువగా పొరపాటు చేసేది సెలవుల దగ్గర. క్యాలెండర్ తీసి ఆమె ముందు పెట్టి ఏడాది మొత్తం అడగండి. సద్దుల బతుకమ్మకు, దసరాకు ఊరికి పోతుందా? సంక్రాంతికి ఐనవోలు జాతర ఉందా? రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరకు ఎన్ని రోజులు? వాళ్లకు పొలం ఉంటే నాట్లకు, పత్తి ఏరడానికి పోవాలా? మిర్చి ఏరే రోజుల్లో కూలి రేటు పెరుగుతుంది, చుట్టాలందరూ పిలుస్తారు. మా రెండో ఆయమ్మ "వారం రోజులు మిర్చికి పోతా మేడం" అంటే కుదరదన్నాను. పోయింది, మళ్లీ రాలేదు. ముందే అడిగి ఉంటే ఆ వారానికి మా అమ్మను పిలిపించుకునేదాన్ని.

ఆధార్ జిరాక్స్, ఊరు, ఇంట్లోవాళ్ల రెండు ఫోన్ నంబర్లు తీసుకోండి. మీ పోలీస్ స్టేషన్‌లో వివరాలు ఇస్తానని ఆమెకు చెప్పే ఇవ్వండి.

జాగ్రత్త: ఒరిజినల్ ఆధార్ మీ దగ్గర ఉంచుకోవద్దు. తక్కువకు వస్తుందని 14 ఏళ్లు నిండని అమ్మాయిని పెట్టుకోవడం నేరం. నన్నడిగితే 18 నిండని పిల్ల చేతిలో పసిబిడ్డను పెట్టనే కూడదు.

2. మొదటి వారం మీరు ఇంట్లో ఉండండి

డ్యూటీలో చేరే రోజే ఆయమ్మను రమ్మనడం పెద్ద తప్పు. కనీసం వారం ముందు రప్పించుకోండి.

మొదటి రోజు ఆమె చూడాలి, మీరు చేయాలి. రెండో రోజు ఇద్దరూ కలిసి చేయండి. మూడో రోజు ఆమె చేస్తుంటే మీరు పక్కన కూర్చోండి, చేతులు కట్టుకుని. నాలుగో రోజు గంటసేపు బయటికి పోండి, కూరగాయలకో భద్రకాళి గుడికో. ఐదో రోజు పూట, ఆరో రోజు రోజంతా.

ఎనిమిది తొమ్మిది నెలల వయసులో పిల్లలు కొత్త ముఖం చూస్తే బెంబేలెత్తుతారు. అప్పుడు చేర్చుకుంటే రెండు వారాలు పెట్టుకోండి. వెళ్లేటప్పుడు దొంగచాటుగా జారుకోవద్దు. "అమ్మ ఆఫీసుకు పోయి సాయంత్రం వస్తది" అని ముఖం చూసి చెప్పి, టాటా చెప్పి వెళ్లండి. ఏడుస్తాడు. మీరు వెనక్కి రాకపోతే కాసేపట్లో ఆపేస్తాడు. గేటు దాకా పోయి మళ్లీ వచ్చారంటే ఆ ఏడుపు ఆమె మెడకు చుట్టుకుంటుంది.

సెలవు దొరకనివాళ్లు అమ్మనో అత్తమ్మనో ఆ వారానికి పిలిపించుకోండి. అయితే పైన చెప్పిన వరస మారకూడదు.

3. చెప్పి వదిలేయకండి, చేసి చూపించి, చేయించి చూడండి

మా ఆయమ్మ ముగ్గురిని పెంచింది. రాగిజావ ఉండ కట్టకుండా కాయడం ఆమె దగ్గర నేనే నేర్చుకున్నాను. అలాంటి మనిషికి పిల్లల పెంపకం మీద పాఠం చెప్పినట్టు మాట్లాడితే చిన్నబుచ్చుకుంటుంది. "మీ పిల్లలకు ఎట్ల చేసేవాళ్లు అక్కా?" అని ముందు అడగండి. చాలావరకు ఆమె పద్ధతి బాగానే ఉంటుంది. ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేయండి. వదలకూడనివి కొన్ని ఉన్నాయి, అవి ఎందుకో కూడా చెప్పండి. కారణం తెలిస్తే మీరు లేనప్పుడు కూడా పాటిస్తుంది.

- ఆరు నెలలు నిండేదాకా నీళ్లు, ఏడాది నిండేదాకా తేనె నాకించడం వద్దు. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవిని పసిపిల్లల పేగులు తట్టుకోలేవు.
- బోర్లా పడుకోబెట్టొద్దు, వెల్లకిలానే.
- పల్లీలు, శనగలు, కోయని ద్రాక్షపళ్లు చిన్నపిల్లల చేతికి ఇవ్వొద్దు, గొంతుకు అడ్డం పడతాయి.
- బాత్రూంలో బకెట్ నిండా నీళ్లు పెట్టి ఉంచొద్దు. పాకే పిల్లలకు బెత్తెడు నీళ్లు కూడా ప్రమాదమే.
- ముక్కులో, చెవిలో నూనె పోయొద్దు.
- తాగగా సీసాలో మిగిలిన పాలు మళ్లీ తాపొద్దు. ఫ్రిజ్‌లోంచి తీసి వేడి చేసిన తల్లిపాలు రెండు గంటల్లోపే వాడాలి. మన ఎండల్లో బయట పెట్టిన పాల సంగతి చెప్పక్కర్లేదు.
- ఓఆర్ఎస్ చెంచాడు తీసి గ్లాసులో కలపడం చాలా ఇళ్లలో చేసే తప్పు. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాసి ఉంటే అన్ని నీళ్లలో ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపాలి. మర్నాటికి మిగిలితే పారబోయాలి.

అన్నీ ఒకే రోజు అప్పజెప్పితే బుర్రకెక్కవు. రోజుకు రెండు చాలు.

మందుల గురించి విడిగా చెప్పాలి. జ్వరానికి ఇచ్చే పారాసిటమాల్ డ్రాప్స్‌లో 1 మి.లీ.కి 100 మి.గ్రా. మందు ఉంటుంది. సిరప్‌లో 5 మి.లీ.కి 125 లేదా 250 మి.గ్రా. ఉంటుంది. సీసాలు చూడ్డానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి. చిన్నోడికి పది నెలలప్పుడు జ్వరం వస్తే ఆఫీసు నుంచి ఫోన్‌లో "ఆ జ్వరం మందు రెండున్నర ఎం.ఎల్. పొయ్యి అక్కా" అన్నాను. నా మనసులో ఉన్నది 250 సిరప్. ఆమె చేతిలో ఉన్నది డ్రాప్స్. రెండు నిమిషాల్లో తిరిగి ఫోన్ చేసింది: "మేడం, ఈ ఫిల్లర్‌ల ఒక్క ఎం.ఎల్.యే పడుతది. మూడుసార్లు ముంచాల్నా? నాకెందుకో ఎక్కువ అనిపిస్తున్నది." ఆమె అడగకపోయి ఉంటే వాడికి రెండింతల డోసు పడేది. సీసా రంగు చెప్పమన్నాను, సిరప్ తీయించాను, ఫోన్ పెట్టేశాక చాలాసేపు నా చేతులు వణికాయి. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక సమయానికి ఒక్క జ్వరం సీసానే ఉంటుంది. డాక్టరు వాడి బరువును బట్టి చెప్పిన డోసు దాని మీద పట్టీ అంటించి రాస్తాను. వీడియో కాల్‌లో సీసా, కప్పులో గీత చూశాకే తాపుతుంది.

ఎంత పోయాలో ఆమెకు నేను నేర్పలేదు. "అనుమానం వస్తే ఎన్నిసార్లైనా ఫోన్ చెయ్యి, మీటింగ్‌లో ఉన్నా ఎత్తుతా" అని మాత్రం చెప్పాను, చెప్పినట్టే ఎత్తాను.

4. పొద్దున ఐదు నిమిషాలు, సాయంత్రం ఐదు నిమిషాలు

ఆమె గేటు తీస్తుంటే మీరు బండి స్టార్ట్ చేస్తే ఎలా? రాత్రి ఎలా పడుకున్నాడు, పొద్దున ఏం తిన్నాడు అని చెప్పి వెళ్లండి. సాయంత్రం మూడు ప్రశ్నలు అడగండి: ఏం తిన్నాడు, ఎంతసేపు పడుకున్నాడు, ఎక్కడైనా దెబ్బ తగిలిందా?

మూడోది రోజూ అడగాలి, ఏమీ జరగని రోజు కూడా. దెబ్బ కనబడ్డ రోజే అడిగితే అది నింద అవుతుంది. రోజూ అడిగితే "ఇయ్యాల తలుపు సందుల వేలు పెట్టిండు మేడం, ఐస్ పెట్టిన" అని మామూలుగా చెప్తుంది. చెప్పినప్పుడు మీ ముఖం మారకుండా చూసుకోండి. "చెప్పినవ్, మంచి పని చేసినవ్ అక్కా" అనండి, తర్వాత వేలు చూడండి.

చదవడం రాని ఆయమ్మ అయితే నోట్‌బుక్‌లో పాల సీసా, చంద్రుడు, చెంచా బొమ్మలు వేసి గీతలు పెట్టమనండి. లేదా వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టమనండి. గంటకోసారి ఫోటో అడగకండి. పిల్లాడిని చూసుకోవాల్సిన చేతిలో ఫోన్ పెట్టేది మనమే అవుతాం.

5. చెప్పే నోరు ఒక్కటే ఉండాలి

స్నానం తర్వాత సాంబ్రాణి పొగ పట్టమని అత్తమ్మ, దగ్గు వస్తుంది వద్దని నేను. మధ్యలో ఆయమ్మ ఎవరి మాట వినాలి? నేను లేనప్పుడు పట్టేది, నాకు పట్టలేదని చెప్పేది. ఆమెది అబద్ధం అనను, ఇద్దరి మధ్య నలగలేక అన్న మాట అది. చివరికి మా ఆయన, అత్తమ్మ, నేను కూర్చుని తేల్చుకున్నాం. పొగ గదిలో పట్టి, అది పోయాక బాబును తీసుకెళ్లడం. బాబు విషయంలో ఏది మార్చాలన్నా నేనే ఆమెకు చెప్పడం. ఇంట్లో తేలని పంచాయితీని ఆమె నెత్తిన వేయకండి.

పిలుపు కూడా మొదటి రోజే తేల్చండి. మీకంటే పెద్దదైతే అక్కా, చిన్నమ్మా అనండి. పిల్లలతో పేరు పెట్టి పిలిపించొద్దు. మా పిల్లలు "ఆయమ్మా" అంటారు, "రా, పో" అంటే ఊరుకోను.

6. తప్పు చెప్పాల్సి వస్తే

ఆ రోజే చెప్పండి, ఒక్క విషయమే చెప్పండి, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి. పిల్లాడి ముందు, చుట్టాల ముందు అసలు వద్దు. "నీకెన్నిసార్లు చెప్పాలె" అనడానికి బదులు "అక్కా, స్నానం చేయించేటప్పుడు ఫోన్ పక్క గదిల పెట్టు, ఒక్క నిమిషం చూపు తప్పినా జారుతడు" అనండి. పాత నెల లెక్కలు తీయొద్దు.

అన్నింటికీ ఓపిక పట్టమని అనడం లేదు. కొట్టడం, పసివాణ్ని ఒంటరిగా వదిలి బయటికి పోవడం, నిద్రపోవడానికి ఏదైనా మందు పట్టడం, దెబ్బ దాచడం రెండోసారి జరగడం. వీటికి నేనైతే మరో అవకాశం ఇవ్వను. చేసినన్ని రోజులకు జీతం లెక్కకట్టి ఇచ్చి, అదే రోజు ఆపేస్తాను.

ఇంట్లో కెమెరా ఉంటే ఉందని చెప్పండి, ఎక్కడుందో చూపించండి. బట్టలు మార్చుకునే చోట పెట్టొద్దు. చెప్పకుండా పెట్టి, ఏదో ఒకరోజు ఆ వీడియో చూసి మాట్లాడితే ఆమె ఇక మీకు నోటితో ఏమీ చెప్పదు, అంతా కెమెరా చూస్తుందిలే అనుకుంటుంది.

7. డబ్బు

చెప్పిన తేదీకి ఇవ్వండి. ఊళ్లలో చాలా మంది ఆడవాళ్లకు మహిళా సంఘం కిస్తీ ఒక తేదీకి కట్టాల్సి ఉంటుంది. ఆ తేదీ అడిగి, దానికి ముందు జీతం పడేలా చూడండి. మీకు రెండు రోజుల ఆలస్యం చిన్నదే, ఆమెకు సంఘంలో నలుగురి ముందు మాట పడే సంగతి.

అడ్వాన్స్ అడిగితే ఒక నెల జీతానికి మించి ఇవ్వకపోవడం ఇద్దరికీ మంచిది. నోట్‌బుక్‌లో తేదీ వేసి రాయండి, నాలుగైదు నెలల్లో కొద్దికొద్దిగా పట్టుకోండి. "నా అప్పు తీరేదాకా పోవద్దు" అని కట్టేయడం మాత్రం తప్పు.

నేను మరో పని చేశాను, మీరూ చేయొచ్చు. ఆమె బ్యాంకు ఖాతాలో ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్ష బీమా, 50 ఏళ్లు నిండనివాళ్లకైతే 436 రూపాయలతో జీవన్ జ్యోతి బీమా పెట్టించవచ్చు. ప్రమాదంలో చనిపోతే మొదటిది, ఏ కారణంతో చనిపోయినా రెండోది ఇంటివాళ్లకు 2 లక్షలు ఇస్తాయి. జూన్ 1 నుంచి ఏడాది లెక్క కాబట్టి మే నెలాఖరుకు ఖాతాలో ఆ డబ్బు ఉండేలా చూడండి. ఈ-శ్రమ్ కార్డు లేకపోతే అది కూడా తీయించండి, ఇంటి పనివాళ్లకు వర్తిస్తుంది.

8. ఆమె రాని రోజు

అలాంటి రోజు వస్తుంది. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి ధర్మసాగర్, వర్ధన్నపేట వైపు నుంచి కూడా పనికి వస్తున్నారు. అయితే బస్సు తప్పిందంటే గంట ఆలస్యం. కాబట్టి మీరు బయల్దేరే టైమ్‌కు అరగంట ముందు రమ్మనండి. రాలేకపోతే పొద్దున ఆరింటిలోపు ఫోన్ చేయాలనే ఒక్క నియమం పెట్టండి. ఫోన్ చేసిందంటే ఎందుకు రావట్లేదని నిలదీయకండి. నిలదీస్తే తర్వాతిసారి స్విచ్చాఫ్ వస్తుంది.

కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది?

రెండు వారాలకు: ఆమె వస్తే బాబు చేతులు చాస్తున్నాడా? రోజూ కాకపోయినా కొన్ని రోజులైనా? పాలు, తిండి మునుపటిలా ఉన్నాయా?

మూడు వారాలకు: మీరు అడగకుండానే ఒక్క చెడ్డ వార్తైనా ఆమె చెప్పిందా? గ్లాసు పగిలిందనో, జావ మాడిందనో. మూడు వారాల్లో ఏ ఒక్కటీ చెప్పలేదంటే ఏమీ జరగలేదని కాదు, చెప్పడానికి ఇంకా జంకుతోందని. నాలుగో మెట్టు మళ్లీ చూడండి.

అప్పుడప్పుడు త్వరగా ఇంటికి రండి. దొంగను పట్టుకున్నట్టు తలుపు తోయకండి, బెల్ కొట్టే రండి. టీవీ ఎంత గట్టిగా మోగుతోంది, బాబు ఎక్కడున్నాడు, డైపర్ ఎలా ఉంది, రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

వెంటనే కంగారు పడాల్సినవి కూడా ఉన్నాయి. కారణం చెప్పలేని మచ్చలు, ఆమె దగ్గరికి వస్తే బిగుసుకుపోవడం, మీరు వచ్చేసరికి రోజూ మత్తుగా పడి ఉండటం. వీటికి నెలాఖరు దాకా ఆగొద్దు.

ఇంకోటి కూడా జరగొచ్చు. సాయంత్రం మీరు చేతులు చాస్తే బాబు ఆయమ్మ భుజం మీదే తల పెట్టుకుని మీ వైపు రాకపోవచ్చు. నాకు గుండె కలుక్కుమంది. ఆ కోపంలో కొందరు ఆయమ్మను మాన్పించేస్తారు. అలా చేయకండి. రోజంతా ఎత్తుకున్న భుజం అది. బాబు దాన్ని నమ్మాడంటే మీరు వెతికి పెట్టుకున్న మనిషి మంచిదన్నమాట. కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చి కింద కూర్చోండి, వాడే పాకుతూ వస్తాడు.

నెల నిండిన రోజు జీతం చేతికిచ్చి, ఆమెను కూర్చోబెట్టి "నీకేమన్నా ఇబ్బంది ఉందా అక్కా?" అని అడగండి. "ఏం లేదు మేడం" అంటుంది. అక్కడితో ఆపొద్దు, విడివిడిగా అడగండి. నేను "పగటిపూట అన్నం ఎన్ని గంటలకు తింటున్నవ్?" అన్నాను. కాసేపు నేల చూసి, "బాబు పండుకున్నంక తింట మేడం. ఒక్కోరోజు మూడు అయితది, నాలుగు అయితది" అంది. నెల రోజులుగా నాకు ఆ ఆలోచనే రాలేదు. మర్నాటి నుంచి బాబు అన్నం పన్నెండున్నరకు మార్చాం. వాడి చిన్న గిన్నె, ఆమె కంచం పక్కపక్కనే పెట్టి, ఒక ముద్ద వాడికి, ఒక ముద్ద తనకు.